ఫోను చేతికిచ్చి అడగండి

హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్, మొబైల్ షోరూముల నియామక అధికారులకు బహిరంగ లేఖ



దసరా, దీపావళి, రంజాన్ సీజన్లు దగ్గరపడుతున్నాయంటే మీ షోరూముల కౌంటర్ల మీదకు కొత్త మొహాలు కావాలి. ఇంటర్ పాసై డిగ్రీలో చేరీ చేరని 18, 19 ఏళ్ల పిల్లలు చాలామందికి బతుకులో మొదటి ఇంటర్వ్యూ మీ ఎదుటే జరుగుతుంది. లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, శాలిబండ, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట గల్లీల నుంచి వచ్చే ఆ పిల్లలు అంతకుముందు వారం రోజులు ఏం చదువుతారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్న ఒక్క ప్రశ్నకు పది పన్నెండు వాక్యాల ఇంగ్లీషు జవాబు. యూట్యూబులో విని రాసుకున్నదో, స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌వాళ్లు జిరాక్సు తీసి ఇచ్చిందో, దాన్ని కంఠతా పడతారు. దాని ప్రకారం ప్రతి ఒక్కరి బలమూ కష్టపడి పనిచేయడమే, ప్రతి ఒక్కరి బలహీనతా ఎదుటివాళ్లను తొందరగా నమ్మేయడమే, అయిదేళ్ల తర్వాత అందరూ మేనేజర్లే. వినీ వినీ మీకు విసుగు పుట్టి ఉంటుంది. అయినా ఆ అప్పజెప్పుడులో తడబడనివాణ్ని లోపలికి, తడబడ్డవాణ్ని బయటికి పంపుతున్నారు. ఈ పద్ధతి మీకు కావలసిన మనిషిని మీకు చూపించడం లేదనీ, పాతబస్తీ పిల్లల చేత వాళ్లకు పనికిరాని చదువు చదివిస్తోందనీ, దీన్ని మార్చడం మీ చేతిలోనే ఉందనీ చెప్పడానికే ఈ ఉత్తరం.

కౌంటర్ దగ్గర జరిగే పని ఏమిటో మీకు తెలుసు; అయినా ఇంటర్వ్యూ గదిలోకి రాగానే అది ఎవరికీ గుర్తుండదు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం. ఒక తల్లి కొడుకుతో కలిసి వస్తుంది. కొడుక్కి ఆటలాడే ఫోను కావాలి, తల్లికి నెలకు రెండు వేలకు మించని కిస్తు కావాలి. ఇద్దరికీ ఒకేసారి సమాధానం చెప్పాలి, ఒకరి ముందు ఇంకొకరిని తక్కువ చేయకుండా చెప్పాలి. "నో కాస్ట్ ఈఎంఐ" అన్న బోర్డు చూసి ఆమె వడ్డీ లేదనుకుంటుంది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, దాని మీద జీఎస్టీ ఉంటుంది, ఒక కిస్తు తప్పితే పెనాల్టీ ఉంటుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త అప్పులకు మొత్తం ఖర్చంతా ఒకేచోట చూపించే 'ముఖ్యాంశాల పత్రం' ఇవ్వాలన్నది కూడా రిజర్వు బ్యాంకు నిబంధనే. ఆ కాగితం ఇంగ్లీషులో చేతికొస్తే ఆమెకు తెలుగులోనో ఉర్దూలోనో విడమరిచి చెప్పేవాడు కౌంటర్ అవతల నిలబడ్డ ఈ కుర్రాడే. ఇంకొకరు పాత ఫోను ఎక్స్‌ఛేంజికి తెస్తారు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబరు చూడాలి, అది బిల్లుతో సరిపోలాలి, 14422కు మెసేజి పెట్టి ఆ నంబరు సంగతి కనుక్కోవచ్చునని తెలిసి ఉండాలి. లేకపోతే దొంగ ఫోను షాపులోకి వచ్చి కూర్చుంటుంది. మరొకరు ఏసీ కోసం వస్తారు. గది మేడ మీదా, కిందా? పడమటి ఎండ గోడకు కొడుతుందా? రోజుకు ఎన్ని గంటలు వేస్తారు? ఇవి అడగకుండా టన్నూ, నక్షత్రాలూ ఏకరువు పెట్టేవాడు ఆ పూట అమ్మేస్తాడు, నెల తిరక్కుండా ఫిర్యాదు తెచ్చిపెడతాడు. ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడి, నలభైయవ గిరాకీతో కూడా మొదటి గిరాకీతో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఈ మొత్తం పనిలో తన గురించి తాను ఇంగ్లీషులో పన్నెండు వాక్యాలు చెప్పుకోవలసిన సందర్భం ఒక్కటైనా ఉందా? వంటమనిషిని పెట్టుకునేటప్పుడు ఒక పూట వండి పెట్టమంటాం గాని, వంట మీద ఉపన్యాసం ఇమ్మనం.

ఇది నా ఊహాగానమని మీరనుకోకుండా, మనుషుల ఎంపిక మీద జరిగిన పరిశోధన ఏం చెబుతోందో చూడండి. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞులు 85 ఏళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి, ఏ ఎంపిక పద్ధతి తర్వాతి పనితీరును ఎంతవరకు ముందే పట్టిస్తుందో సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో లెక్కగట్టారు. పనిలో ఒక ముక్క చేసి చూపించమనే పరీక్షకు 0.54, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే పద్ధతిలో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.51, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకు 0.38 వచ్చాయి. 2022లో సాకెట్, అతని సహచరులు ఆ లెక్కల్లోని దిద్దుబాట్లు ఎక్కువయ్యాయని చెప్పి మళ్లీ కట్టారు. చాలావరకు తగ్గాయి. అందరికీ ఒకే ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ 0.42తో మొదటి వరుసలో నిలిచింది, ఉద్యోగ పరిజ్ఞాన పరీక్ష 0.40 దగ్గర, పని నమూనా పరీక్ష 0.33 దగ్గర ఆగాయి. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ మాత్రం 0.19కి జారిపోయింది. పావు శతాబ్దం తేడాతో వచ్చిన ఈ రెండు లెక్కలూ చాలా విషయాల్లో ఒకదానితో ఒకటి తగువు పడతాయి గాని, ఒక్క సంగతిలో రెండూ ఒకటే మాట: ఎదురుగా కూర్చున్నవాడి మాటతీరు చూసి "మనకు సరిపోతాడు" అనుకోవడం కంటే, పనికి సంబంధించిన ప్రశ్నలు అందరికీ ఒకేలా వేయడం మేలు. ఇవి చాలావరకు పడమటి దేశాల లెక్కలు, పత్తర్‌గట్టీలో తీసినవి కావు. అది నిజమే. కానీ మనుషుల మీద మనకు కలిగే తొలి అభిప్రాయం హైదరాబాద్‌కు వచ్చేసరికి హఠాత్తుగా నమ్మదగినదిగా మారుతుందనడానికి కారణమేమీ కనిపించదు. పైగా ఇక్కడ ఆ అభిప్రాయానికి తోడు మతం, కులం, గల్లీ పేరు కూడా కలుస్తాయి. దానికి మళ్లీ వస్తాను.

ముందు భాష సంగతి. పాతబస్తీ పిల్లలకు "కమ్యూనికేషన్ లేదు" అన్న మాట నియామకాల వాళ్ల నోట తరచు వినిపిస్తుంది. నిదానంగా చూస్తే ఇంత వింతైన మాట ఇంకొకటి ఉండదు. ఛత్రినాక కుర్రాడు ఇంట్లో తెలుగు మాట్లాడి, గుమ్మం దాటగానే దక్కనీలోకి మారి, బేగంబజారుకు వెళ్తే హిందీలో బేరం చేస్తాడు. కార్వాన్, జియాగూడ వైపు మరాఠీ చెవినపడుతుంది. బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులున్నారు. రాష్ట్ర ప్రభుత్వమే 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసింది. అంటే చార్మినార్ చుట్టుపక్కల పుట్టి పెరిగిన పిల్లలు రెండు అధికార భాషల్లోనూ గిరాకీని పలకరించగలరు, మాట మధ్యలో ఒకదాని నుంచి ఇంకొకదానిలోకి దాటగలరు. ఖరీదైన ఫోన్లు అమ్మే యాపిల్ కంపెనీ 2023 ఏప్రిల్‌లో ముంబయిలో మనదేశపు తొలి సొంత దుకాణం తెరిచినప్పుడు గొప్పగా చెప్పుకున్న సంగతేమిటో గుర్తుందా? అక్కడి వందమందికి పైగా సిబ్బంది అందరూ కలిసి 20కి పైగా భాషలు మాట్లాడతారని. రెండు రోజుల తర్వాత ఢిల్లీ సాకేత్‌లో తెరిచినప్పుడు 15కు పైగా భాషలని. వాళ్లకు అది ప్రకటనలో వేసుకునే ఆస్తి. మన ఇంటర్వ్యూ గదిలో అదే ఆస్తి ఉన్న పిల్లవాడు, నాలుగో భాషలో నీళ్లు నమిలాడని, మొదటి మూడూ లెక్కలోకి రాకుండానే బయటికి వస్తున్నాడు.

"అలాగని ఇంగ్లీషు అక్కర్లేదంటారా?" అని మీరడుగుతారు. అక్కర్లేదనను. బిల్లు ఇంగ్లీషులో వస్తుంది, కంపెనీ శిక్షణ యాప్ ఇంగ్లీషులో ఉంటుంది, పెట్టె మీద రాసిన వివరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, బంజారాహిల్స్ బ్రాంచికి బదిలీ చేస్తే గిరాకీ కూడా ఇంగ్లీషులోనే మాట్లాడవచ్చు. అయితే ఆ అవసరం ఏ పాటిదో దాన్నే పరీక్షించండి. రెండు ఫోన్ల వివరాలున్న కాగితం ఇచ్చి తేడా చెప్పమనండి. గిరాకీ పేరు, చిరునామా కంప్యూటర్లో తప్పుల్లేకుండా ఎక్కించమనండి. వారంటీ షరతుల పేజీ చదివి, నీళ్లలో పడ్డ ఫోనుకు అది వర్తిస్తుందో లేదో తేల్చమనండి. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం ఒక విద్య, ఇంగ్లీషులో తన గొప్పలు చెప్పుకోవడం ఇంకొకటి. మొదటిది మీకు కావాలి, రెండోది మీరు అడుగుతున్నారు. ఇంకో సంగతి. అజామ్, చిన్, ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు 2005 నాటి దేశవ్యాప్త కుటుంబ సర్వే ఆధారంగా 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన మగవాళ్ల గంట సంపాదన అసలు రానివాళ్ల కంటే సగటున 34 శాతం, కొద్దిగా వచ్చినవాళ్లది 13 శాతం ఎక్కువని తేలింది. స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లవాళ్లకు నచ్చే లెక్క ఇది. కానీ అదే అధ్యయనంలో ఇంకొంచెం ముందుకెళ్తే, వయసులో చిన్నవాళ్లలో ఆ అదనపు సంపాదన ఎక్కువ చదువుకున్నవాళ్లకే దక్కుతోందని ఉంది. ఇంటర్‌తో ఆగి కౌంటర్ ఎక్కిన 19 ఏళ్లవాడికి ఇంగ్లీషు ఒక్కటే పట్టుకొచ్చేది పెద్దగా ఏమీ ఉండదన్నమాట. జీతంలో ఆ భాషకు మీరు విలువ కట్టనప్పుడు, గుమ్మం దగ్గర మాత్రం అంత సుంకం ఎందుకు వసూలు చేస్తున్నట్టు?

వయసు లెక్క కూడా ఒకసారి వేయండి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది 2022-23 విద్యా సంవత్సరంలో. ఇప్పుడు మీ ముందుకొస్తున్న పిల్లలు చాలావరకు అప్పటికే తొమ్మిదిలోనో పదిలోనో ఉన్నారు. తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డ తరం ఇది. ప్రభుత్వం మాధ్యమం మార్చిన ఏడాదికి, వీళ్లు పుట్టిన ఏడాదికి మధ్య కుదరని లెక్కకు వీళ్లను బాధ్యుల్ని చేయడం సబబు కాదు.

ఇక మతం, కులం, గల్లీ. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007 అక్టోబరులో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక అధ్యయనం ప్రచురించారు. 66 వారాల పాటు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం వేరు. అగ్రవర్ణ హిందువుదని తెలిసే పేరుతో పోలిస్తే, పిలుపు వచ్చే అవకాశపు నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఆ ప్రకటనలు డిగ్రీ చదివినవాళ్ల ఉద్యోగాలకు, కొలిచింది ఇంటర్వ్యూకు ముందటి పిలుపును. కాబట్టి మీ షోరూము సంగతి ఇదేనని నేను అనడం లేదు. అయితే అదే సంచికలో జోధ్కా, న్యూమన్ రాసిన వ్యాసం నేరుగా మీ గది గురించే. పెద్ద కంపెనీల మానవ వనరుల మేనేజర్లతో మాట్లాడి చూస్తే, కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్నవాళ్లు కూడా ఇంటర్వ్యూలో "కుటుంబ నేపథ్యం" తప్పక అడుగుతామన్నారు. నాన్న ఏం చేస్తారు, ఎక్కడ ఉంటారు, ఇంట్లో ఎంతమంది? అడిగేవాళ్లకు ఇది ఆప్యాయత. చెప్పేవాడి నాన్న ఆటో నడుపుతుంటే, అమ్మ ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతుకుతుంటే, ఆ ప్రశ్నకు వాడి గొంతు తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతును మీరు "కాన్ఫిడెన్స్ లేదు" అని రాసుకుంటారు. నాన్న ఏం చేస్తాడన్నదానికీ ఐఎంఈఐ సరిచూడటానికీ సంబంధం లేనప్పుడు ఆ ప్రశ్న తీసేస్తే మీకు పోయేదేమీ లేదు.

"ఎక్కడుంటావ్?" అన్న ప్రశ్న వెనక మాత్రం నిజమైన చింత ఒకటుంది, దాన్ని కొట్టిపారేయను. షోరూము మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. పాతబస్తీ వైపు రావలసిన మెట్రో లైను 2020 ఫిబ్రవరి 7న మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి ఆగింది. పాతబస్తీ మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది గాని రైలింకా రాలేదు. అబిడ్స్‌లోనో పంజాగుట్టలోనో డ్యూటీ దిగి చాంద్రాయణగుట్ట చేరాలంటే బస్సో, షేరు ఆటోనో దిక్కు. అలాంటప్పుడు నేరుగా "పొద్దున పదింటికి రావాలి, రాత్రి పది దాకా షిఫ్టు పడే రోజులుంటాయి, ఎలా వచ్చి వెళ్తావు?" అని అడగండి. దానికి జవాబుంటుంది. ఆడపిల్లలకైతే 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం కూడా. గల్లీ పేరు విని మనసులో తేల్చేసుకున్న నిర్ణయానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేరు, ఎందుకంటే ఆ ప్రశ్న బయటికే రాలేదు. యూనిఫాంతో పాటు తలకు స్కార్ఫు కట్టుకోవచ్చో లేదో కూడా ప్రకటనలోనే రాసెయ్యండి. ఇంట్లో ఒప్పించి, చార్జీలు పెట్టుకుని వచ్చిన అమ్మాయి ఆ సంగతి మీ ఎదుట కుర్చీలో కూర్చున్నాక తెలుసుకోవడం మంచి పద్ధతి కాదు.

మీ అసలు అభ్యంతరం ఇవేవీ కాకపోవచ్చు. ఒక్కరోజే వందమంది వస్తారు, మనిషికి పది నిమిషాలు కూడా ఉండవు, ఇన్ని పరీక్షలు పెట్టే తీరిక ఎక్కడిది అంటారు. ఆ పది నిమిషాల్లోనే సరిపోతుంది. ఇప్పుడు మూడు నిమిషాలు స్వీయపరిచయానికీ, రెండు కుటుంబానికీ, రెండు బలాలూ బలహీనతలకూ పోతున్నాయి. వాటి స్థానంలో ఒక ఫోను చేతికిచ్చి, "నేను గిరాకీని, నాకు పదిహేను వేలలో కావాలి, మా అమ్మకు కావాలి, ఆమెకు కళ్లు సరిగా కనపడవు" అని అయిదు నిమిషాలు ఊరుకోండి. ఏ భాషలోనైనా మాట్లాడమనండి. అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తాడా, గొంతు పెంచే మీట ఎక్కడుందో చూపిస్తాడా, ఇరవై వేల ఫోను అంటగట్టబోతాడా, ముందు "అమ్మగారు ఫోను దేనికి వాడతారు సార్?" అని అడుగుతాడా, అన్నీ బయటపడతాయి. తర్వాత తిరగేసి, కోపంగా వచ్చిన గిరాకీలా రెండు నిమిషాలు వాదించండి. మిగతా సమయంలో ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇచ్చి వివరించమంటే చాలు. అందరికీ అవే మూడు, ఒక్కోదానికి అయిదు మార్కులు, కాగితం మీద. కొత్త యంత్రం అక్కర్లేదు, కన్సల్టెంటు అక్కర్లేదు. మీ కౌంటర్ మీద పదేళ్లుగా ఉన్న సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటే మీకంటే బాగా మార్కులు వేస్తాడు.

తీసుకున్నా మూడు నెలల్లో మానేస్తారు, వీళ్ల కోసం ఇంత అవసరమా అన్నది ఇంకో మాట. మానేసేవాళ్లలో ఎక్కువమంది పని ఇలా ఉంటుందని తెలియక చేరినవాళ్లే. ఏసీ హాలు, టై, ఫోన్ల మధ్య ఉద్యోగం అనుకుని వచ్చినవాడికి కాళ్లు పీకడం, టార్గెట్టు, ఆదివారం సెలవు లేకపోవడం మొదటి వారంలోనే తెలుస్తాయి. ఉద్యోగం ఎలా ఉంటుందో ముందే ఉన్నదున్నట్టు చూపిస్తే మానేసేవాళ్లు తగ్గుతారని దశాబ్దాలుగా పరిశోధనలు చెబుతున్నాయి. ఆ తగ్గుదల పెద్దదేమీ కాదు, చిన్నదే. కానీ పైసా ఖర్చు లేనిది. నకిలీ గిరాకీతో అయిదు నిమిషాలు గడిపినవాడికి ఆ పని రుచి కొంతైనా తెలుస్తుంది. స్వీయపరిచయం అప్పజెప్పినవాడికి ఏం తెలుస్తుంది?

మీరు మారిస్తే పాతబస్తీ ఎంత తొందరగా మారుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే నా వాదనలో నాకు అన్నిటికంటే నమ్మకమున్న భాగం ఇదే. మన రాష్ట్రంలో కోచింగు ఎప్పుడూ ప్రశ్నపత్రం వెంట నడుస్తుంది. ఎప్‌సెట్‌లో ఏది అడిగితే కార్పొరేట్ కాలేజీ దాన్నే రుబ్బుతుంది, గ్రూప్స్ సిలబస్ మారిన నెలకల్లా అశోక్‌నగర్‌లో కొత్త పుస్తకాలు దిగుతాయి. మీరు స్వీయపరిచయం అడుగుతున్నారు కాబట్టి వీళ్లు స్వీయపరిచయం నేర్పుతున్నారు. రేపటి నుంచి ప్రకటనలోనే "మూడు పరీక్షలుంటాయి, తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో ఏ భాషైనా సరే" అని రాసి చూడండి. ఇంటర్వ్యూకు తయారయ్యే అమ్మాయి అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు వల్లించడం మానేసి, మేనమామ రిపేరు షాపుకెళ్లి డిస్‌ప్లేల్లో తేడా అడుగుతుంది. ఇంటికి తెచ్చిన ఫ్రిజ్ మీద కరెంటు వాడకం తెలిపే బీఈఈ చీటీ చదువుతుంది. తన ఫోను కొన్నప్పటి బిల్లు తీసి, అసలు ధర ఎంత, అందులో 18 శాతం జీఎస్టీ ఎంత అని లెక్కగడుతుంది. ఉద్యోగం రాకపోయినా ఆ చదువు వృథా పోదు. ఇది నేర్పగల చోట్లూ ఉన్నాయి. పురానీ హవేలీలో సెట్విన్ అనే సంస్థ ఉంది. 1978 నుంచి జంటనగరాల నిరుద్యోగ యువతకు శిక్షణ ఇవ్వడమే దాని పని. ఫలక్‌నుమాలో, హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలున్నాయి. మీ మూడు పరీక్షల నమూనా ఒక పేజీ వాళ్లకు పంపితే చాలు. మీకు ఇది కొత్తగా కనిపించవచ్చు గాని, మీ రిటైల్ రంగం కోసమే ఏర్పడిన నైపుణ్య మండలి సేల్స్ అసోసియేట్ ఉద్యోగానికి రాసుకున్న ప్రమాణాల్లో వస్తువును చూపించి వివరించడం, గిరాకీకి సరిపోయేది ఎంచుకోవడంలో సాయపడటం, ఫిర్యాదు తీర్చడం ముందునుంచీ ఉన్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని గదిలోకి తీసుకురమ్మనే నేనడుగుతున్నది.

అదే చేత్తో అనుభవం అన్న మాటకు మీరిచ్చే అర్థం కూడా కొంచెం వెడల్పు చేయండి. రంజాన్ నెలలో పత్తర్‌గట్టీ, మదీనా, లాడ్ బజార్ తెల్లవారుజాము దాకా నిద్రపోవు. ఆ నెల రోజులు బట్టల షాపులోనో గాజుల షాపులోనో నిలబడ్డ కుర్రాడు మీ షోరూములో ఒక సీనియర్ పండగ సీజనంతా చూసేంత మందిని చూసి ఉంటాడు. వాళ్లలో సగంమంది బేరమాడేవాళ్లే, కొందరు కొనకుండా వెళ్లేవాళ్లే. అయినా రెజ్యూమెలో దాన్ని రాయడు. శాలరీ స్లిప్పు లేని పని పని కాదని వాడికి ఎవరో చెప్పారు, బహుశా మీ అప్లికేషన్ ఫారమే చెప్పింది. "ఎక్కడైనా, ఎన్ని రోజులైనా అమ్మిన అనుభవం" అని ఒక గడి పెట్టండి. ఫ్రెషర్ కావాలంటూనే అనుభవం అడిగే మీ ప్రకటనలకు కూడా అప్పుడు ఒక అర్థం వస్తుంది.

పిల్లలే మారాలి గాని మార్కెట్ ఎందుకు మారుతుంది అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మాటలో సగం నిజముంది. మీరు మారేదాకా, రేపు మీ ముందుకొచ్చే కుర్రాడు ఆ పన్నెండు వాక్యాలు నేర్చుకునే రావాలి. నేర్చుకోవద్దని వాడికి సలహా ఇవ్వడం వాడి కడుపు మీద కొట్టడమే. వేళకు రావడం, ఉతికిన చొక్కా, కళ్లలోకి చూసి మాట్లాడటం, తెలియనిది తెలియదని చెప్పడం, ఇవి ఏ ఉద్యోగానికైనా కావాలి, వీటిని అడిగే హక్కు మీకుంది. కానీ వాడి ముందు ఒక్కటే దారి ఉంది, మీ చేతిలో మాత్రం ప్రశ్నపత్రం ఉంది. ఆ తేడాను పట్టించుకోకుండా ఇద్దరినీ ఒకే తక్కెడలో వేయకూడదు.

చివరగా ఇంటర్వ్యూ ముగిసేటప్పుడు మీరు అలవాటుగా వేసే "ఎనీ క్వశ్చన్స్?" గురించి. ఈ పిల్లలు తల అడ్డంగా ఊపుతారు, అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం. అడగవలసినవి మాత్రం చాలా ఉంటాయి. మీ షోరూములో నిలబడ్డవాళ్లలో కొందరికి జీతం మీరివ్వరు. ఫోను కంపెనీ ఇస్తుంది, అది కూడా మధ్యలో ఇంకో ఏజెన్సీ ద్వారా. తను ఎవరి ఉద్యోగో తెలియకుండానే నెలలు గడిపేవాళ్లున్నారు. చేతికొచ్చేదెంత, అందులో ఇన్సెంటివ్ ఎంత, టార్గెట్ తప్పితే ఎంత మిగులుతుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, వారపు సెలవు ఏ రోజు, నియామక పత్రం ఎప్పుడిస్తారు? ఈ ఆరింటికీ జవాబులు ఒక చీటీ మీద రాసి, వాళ్లు అడగకముందే చేతికివ్వండి. ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు గుంజే దళారులు మీ పేర్లే వాడుకుంటారు కాబట్టి, "మేం అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకోం" అన్న వాక్యం కూడా ఆ చీటీలోనే, తెలుగులో, ఉర్దూలో చేర్చండి. అప్పటికీ ఏదైనా అడిగే పిల్లవాడు ఉంటే, ముఖ్యంగా జీతం గురించి అడిగితే, వాడి పేరు పక్కన "ఎక్కువ మాట్లాడతాడు" అని రాయకండి. రేపు కౌంటర్ దగ్గర ఆ తల్లి తరఫున ప్రాసెసింగ్ ఫీజు ఎంతని ఫైనాన్స్ డెస్కును అడగబోయేది వాడే.